తల్లికి వయసు, తండ్రికి వంశం

2019 సెప్టెంబర్ 5న గుంటూరులోని ఒక ఆసుపత్రిలో డెబ్భై ఏళ్ళు దాటిన ఒక స్త్రీ సిజేరియన్ ద్వారా ఇద్దరు ఆడపిల్లల్ని కన్నది. ఆమెకి నెలసరి ఆగిపోయి అప్పటికి రెండు దశాబ్దాలు దాటింది. అండం మరొక స్త్రీది. ఐవీఎఫ్ పద్ధతిలో గర్భం. ఆ వారం తెలుగు పత్రికలూ టీవీ ఛానళ్ళూ ఆమె చుట్టూనే తిరిగాయి. దేశవిదేశాల పత్రికలు కూడా రాశాయి. ఆమె పేరు అప్పుడు అందరికీ తెలిసింది, ఇక్కడ మళ్ళీ రాయను. ఆమె కోరికకి తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఆమె గురించి మనం మాట్లాడిన మాటలు ఎలాంటివన్నదే నా ప్రశ్న. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి ఏ గొడవలోనైనా ముందు మాటల్ని పట్టుకుని చూడటం నాకు అలవాటు.

మొదటి రోజు మాటలు వేరు: అద్భుతం, రికార్డు, వైద్యుల ఘనత. ఒకటి రెండు రోజుల్లోనే స్వరం మారింది. ఈ వయసులో అవసరమా? కాటికి కాళ్ళు చాపుకుని కూర్చుని పిల్లలేమిటి? ఆ పిల్లల గతేమిటి? వంధ్యత్వ చికిత్స చేసే వైద్యుల సంఘాలు కూడా ఈ ప్రసవాన్ని తప్పుపట్టాయి. వాళ్ళ అభ్యంతరంలో వైద్యపరమైన కారణాలున్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ 'అవసరమా' అన్న మాట సంగతి చూద్దాం.

తెలుగులో ఆడవాళ్ళని అడిగినంతగా 'అవసరమా' అని మగవాళ్ళని అడగరు. ఆడపిల్లకి అంత చదువు అవసరమా? పెళ్ళయ్యాక ఉద్యోగం అవసరమా? భర్త పోయాక బొట్టు అవసరమా? నలభై దాటాక రెండో పెళ్ళి అవసరమా? ఆ మాటకి ప్రశ్న రూపం ఉంది గానీ అది జవాబు కోసం అడిగేది కాదు. ఒక స్త్రీ కోరికని ముందు అవసరం స్థాయికి దించి, ఆ తర్వాత ఆ అవసరం లేదని తేల్చేసే మాట అది. ఇదే కోరిక ఇదే ఊళ్ళో నలభై ఏళ్ళ కిందట ఆ స్త్రీకి కోరికగా కాదు, విధిగా ఉండింది. పిల్లలు లేనందుకు తాను పడ్డ మాటల గురించి ఆమె విలేఖరులతో చెప్పింది. అంటే ఇరవై అయిదేళ్ళప్పుడు 'ఇంకా ఎందుకు కనలేదు' అన్న సమాజమే డెబ్భై దాటాక 'ఎందుకు కన్నావు' అన్నది. రెండు ప్రశ్నలూ వేసినవాళ్ళు ఒకటే. జవాబు చెప్పుకోవలసినదీ ఒకటే మనిషి.

'గొడ్రాలు' అన్న మాటకి పుంలింగం లేదు. పశువులకి వాడే 'గొడ్డు' అనే మాటని స్త్రీకి తగిలించాం గానీ పిల్లలు పుట్టని పురుషుడికి అలాంటి పేరు ఒకటి పెట్టుకోలేదు. 'నపుంసకుడు' అనేది వేరే అవమానం, దానికి సంతానంతో నేరుగా లెక్క లేదు. అలాగే 'ముట్లుడగడం' అన్న మాట చూడండి. ఉడగడం అంటే తగ్గిపోవడం, అణగిపోవడం. ఒక స్త్రీ జీవితంలో సగం కాలాన్ని అలా ఉడిగిపోయిన కాలంగా భాష రాసిపెట్టింది. ఇంకోవైపు మనకే 'లేక లేక కలిగిన బిడ్డ' అన్న ఎంతో మురిపెమైన మాట కూడా ఉంది. ఆ మురిపెం బిడ్డకే దక్కుతుంది. తల్లి వయసు పత్రికలో అంకెల్లో అచ్చయిన మరుక్షణం అది ఆవిరైపోతుంది.

మరి తండ్రి? గుంటూరు ఉదంతంలో తండ్రి వయసు తల్లి వయసు కన్నా ఎక్కువ. శీర్షికల్లో నిలిచింది మాత్రం ఆమె వయసే. ఇందులో కొత్తేమీ లేదు. పుత్రకామేష్టి చేసిన దశరథుణ్ణి మనం ముసలితనంలో పిల్లలేమిటని ఎన్నడూ అడగలేదు. వాల్మీకి రామాయణంలో విశ్వామిత్రుడితో మాట్లాడేటప్పుడు ఆ రాజు తన వయసు అరవై వేల ఏళ్ళని తానే చెప్పుకుంటాడు. పరమాన్నం తాగిన కౌసల్య వయసెంతో ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అది వంశం కథ. కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లుని చూసి మనం నవ్వుతాం నిజమే. ఆ నవ్వు వెనక ఉన్నది పసిపిల్ల మీద జాలి, కన్యాశుల్కం మీద ఆగ్రహం. నువ్వు తండ్రివయ్యే వయసు దాటిపోయావన్న అభ్యంతరం మీద ఆ నవ్వు నిలబడలేదు. మగవాడి వయసు మన సాహిత్యంలో హాస్యం కాగలదు, అప్పుడప్పుడూ అన్యాయం కూడా కాగలదు. అది వైద్య సమస్యగానో, బిడ్డ పట్ల నేరంగానో మారడం అరుదు.

ఇప్పుడు చట్టం సంగతి. సహాయక పునరుత్పత్తి సాంకేతికతల నియంత్రణ చట్టం, సరోగసీ నియంత్రణ చట్టం రెండూ 2021లో వచ్చి, 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చాయి. మొదటి చట్టం ప్రకారం సంతాన సాఫల్య కేంద్రాలు 21 దాటి 50 లోపు ఉన్న స్త్రీలకీ, 21 దాటి 55 లోపు ఉన్న పురుషులకీ మాత్రమే చికిత్స చేయాలి. గుంటూరు లాంటి ఉదంతాల తర్వాత ఇలాంటి గీత ఒకటి రావడం చాలామందికి న్యాయంగానే తోచింది. నాతో పనిచేసే అధ్యాపకురాళ్ళలో ఎక్కువమంది 'మంచి పనే కదా' అన్నారు. నేనూ గీతే ఉండకూడదని వాదించడం లేదు. అయితే ఆ గీత ఎక్కడ గీశారో, ఏ కొలబద్దతో గీశారో చదవాలి. చట్టం కూడా ఒక పాఠ్యమే కదా!

స్త్రీకి 50, పురుషుడికి 55. ఈ అయిదేళ్ళ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? స్త్రీ శరీరం మీద పడే ప్రమాదమే కారణమైతే పురుషుడికి పరిమితి అక్కర్లేదు, అతను గర్భం మోయడు. బిడ్డ పెద్దయ్యేదాకా తల్లిదండ్రులు బతికి ఉండాలన్నదే కారణమైతే ఇద్దరికీ ఒకే అంకె ఉండాలి. నిజానికి మన దేశంలో స్త్రీల సగటు ఆయుర్దాయం పురుషుల కన్నా ఎక్కువ కాబట్టి ఆమెకే కాస్త ఎక్కువ ఇవ్వాలి. ఈ రెండు కారణాల్లో దేనికీ ఆ అంకెలు సరిపోవు. అవి సరిపోయేది ఒక్క లెక్కకే: వరుడి కన్నా వధువు నాలుగైదేళ్ళు చిన్నదై ఉండాలన్న పెళ్ళిచూపుల లెక్కకి. మన పెళ్ళిళ్ళ పేరయ్య పార్లమెంటు దాకా వెళ్ళాడన్నమాట.

సరోగసీ చట్టం ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. దంపతులు సరోగసీకి వెళ్ళాలంటే భార్యకి 23 నుంచి 50, భర్తకి 26 నుంచి 55 మధ్య వయసుండాలి. ఒంటరి స్త్రీ అయితే ఆమె వితంతువో విడాకులు తీసుకున్నదో అయి ఉండాలి, వయసు 35 నుంచి 45 మధ్య ఉండాలి. పెళ్ళే చేసుకోని స్త్రీకి దారే లేదు. సరోగసీలో బిడ్డని మోసేది ఇంకో స్త్రీ. కాబట్టి ఇక్కడ గర్భం వల్ల వచ్చే రక్తపోటూ మధుమేహమూ అన్న వాదన వర్తించదు. అయినా 46 ఏళ్ళ భార్య అర్హురాలు, 46 ఏళ్ళ వితంతువు అనర్హురాలు! ఇద్దరి దేహాలూ ఒకటే. ఇద్దరి గుండెకాయలూ ఒకటే. తేడా మెడలోనే ఉంది. వయసు పేరుతో చట్టం కొలుస్తున్నది వైవాహిక స్థితిని అని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

వయోపరిమితి కావాలనేవారి వాదనల్ని నేను తేలిగ్గా తీసుకోను. వయసు పెరిగేకొద్దీ గర్భిణికి రక్తపోటు, ప్రీఎక్లాంప్సియా, మధుమేహం, సిజేరియన్, నెలలు నిండకుండా ప్రసవం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. కవలలైతే మరీ ఎక్కువ. యువతి అండం తెచ్చి పెట్టినా గుండే రక్తనాళాలూ ఆ వయసువే కదా. ఇది నిజం, దీన్ని పితృస్వామ్య కుట్ర అని కొట్టిపారేస్తే మనకే నష్టం. రెండోది వ్యాపారం. పిల్లల కోసం ఆరాటపడేవాళ్ళ దగ్గర ఆశని అమ్మడం తేలిక. ఒకసారి విఫలమైతే ఇంకోసారి, అది కూడా విఫలమైతే మరోసారి, పొలమో బంగారమో అమ్ముకుని వెళుతూనే ఉంటారు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసులో సరోగసీ ద్వారా పుట్టిందని చెప్పి వేరెవరి బిడ్డనో దంపతులకి అప్పగించారన్న ఆరోపణల మీద పోలీసులు అరెస్టులు చేశారు. చట్టం వచ్చి మూడేళ్ళు దాటిన తర్వాతి మాట ఇది. కొనేవాళ్ళ వయసు మీద గీత గీసినంత మాత్రాన అమ్మేవాళ్ళ మీద అదుపు వచ్చినట్టు కాదని అర్థమవుతూనే ఉంది.

మూడో వాదన అందరి నోటా వినిపించేది: ఆ పిల్లల్ని ఎవరు పెంచుతారు? ఇది న్యాయమైన ప్రశ్న. అయితే దీన్ని మన తెలుగిళ్ళలో కాస్త నిజాయితీగా అడుగుదాం. అరవై అయిదేళ్ళ అమ్మమ్మ మోకాళ్ళ నొప్పులతో, షుగరు మాత్రల డబ్బాతో, ఆవకాయ జాడీతో విమానం ఎక్కి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళుతుంది. కూతురికి పురుడు పోసి, ఆరు నెలలు పసిబిడ్డకి స్నానం చేయించి, పాలు పట్టి, రాత్రిళ్ళు మేలుకుని వస్తుంది. ఆమె రాగానే నాయనమ్మ వెళుతుంది. అప్పుడెవరూ ఈ వయసులో పసిబిడ్డని సాకే ఓపిక ఉంటుందా అని అడగరు. కొడుకూ కోడలూ గల్ఫ్‌లోనో బెంగుళూరులోనో ఉంటే మనవల్ని పదేళ్ళు పెంచే ముసలివాళ్ళు మన పల్లెల్లో ఎంతమంది లేరు! ముసలి స్త్రీ చాకిరీకి వయోపరిమితి లేదు. ఆ చాకిరీ మరొకరి బిడ్డకోసం అయినంతకాలం అది ప్రేమ, త్యాగం. తన బిడ్డకోసం అయితే స్వార్థం.

దీని వెనక మరో పాత సిగ్గు కూడా ఉంది. ఒక తరం ముందు కూతురు పురిటికి వస్తే తల్లికి కూడా వేవిళ్ళు మొదలైన ఇళ్ళు చాలానే ఉండేవి. ఆ తల్లులు కూతురి ముందూ అల్లుడి ముందూ తల ఎత్తలేకపోయేవారని చెప్పుకుంటారు. కడుపు ఒక సాక్ష్యం కదా, ఆ వయసులో కూడా దేహం బతికే ఉందని. ఐవీఎఫ్‌లో ఆ సాక్ష్యం కూడా లేదు. అక్కడున్నది ప్రయోగశాల, సూది, గాజు పళ్ళెం. అయినా ఆ పాత సిగ్గు యథాతథంగా వచ్చి కూర్చుంది. దీన్నిబట్టి నాకర్థమైంది ఏమిటంటే, మనకి ఇబ్బంది ఆమె పడక గురించి కాదు. ముసలి స్త్రీ తనకంటూ ఏదైనా కోరుకోవడమే మనకి ఇబ్బంది.

ఇక్కడ మా పెద్దమ్మ గురించి చెప్పాలి. మాది గుంటూరు జిల్లానే. పెద్దమ్మకి పదిహేడేళ్ళకి పెళ్ళి, ఇరవై రెండేళ్ళకల్లా ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు మంచం మీదే పిల్లల ఆపరేషన్ అయిపోయింది. అడిగారా అంటే, 'అడిగేదేముందే, అందరికీ చేసేవాళ్ళు' అంటుంది. ఆమెకి నలభై ఒకటి నిండినప్పుడు పందొమ్మిదేళ్ళ కొడుకు మోటారు సైకిల్ ప్రమాదంలో పోయాడు. ఏడాది తిరిగాక ట్యూబులు కలిపించుకోవచ్చునేమోనని ఆమె నోరు తెరిచి అడిగింది. ఇంట్లోవాళ్ళు నవ్వలేదు గానీ వినిపించుకోలేదు. ఆమె వెళ్ళిన ఆసుపత్రిలో మాత్రం పెళ్ళికెదిగిన కూతుర్ని పెట్టుకుని ఈ వయసులో ఇదేం కోరికమ్మా అన్నారట. ఆ తర్వాత ఆమె ఆ ఊసు ఎత్తలేదు. మా పెదనాన్నకి ఆ ఏడాదే ఇద్దరు ముగ్గురు చుట్టాలు 'మగబిడ్డ లేకపోతే ఎలా, ఆలోచించు' అని చెప్పారు. ఆయన ఆలోచించలేదు, అది ఆయన మంచితనం. కానీ చెప్పినవాళ్ళెవరికీ ఆయన వయసు నలభై ఎనిమిదని గుర్తు రాలేదు.

2019లో ఆ వార్త వచ్చినప్పుడు మేమందరం టీవీ ముందే ఉన్నాం. కుర్రకారు జోకులు వేస్తున్నారు. పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నావైపు తిరిగి, 'పిల్లలకి పాలెవరు పడుతున్నారే?' అని అడిగింది. 'ఇద్దరాయె. పక్కన చేసేవాళ్ళెవరన్నా ఉన్నారా?' అంది. ఆ సాయంత్రం అక్కడ ఎవరూ అడగని ప్రశ్న అది. ఆ ప్రశ్నలో వింత లేదు, ఏవగింపు లేదు. చాకిరీ సంగతి తెలిసిన మనిషి అడిగే ప్రశ్న. వయసు గురించి మనం చేసే చర్చంతా నిజానికి ఈ ఒక్క ప్రశ్న అడగకుండా తప్పించుకోవడానికి పనికొస్తోందని నాకనిపిస్తుంది. ఎవరు పాలు పడతారు, ఎవరు తోడుంటారు, తల్లికి జబ్బు చేస్తే ఏ ఏర్పాటు ఉంది అన్నవి అడగాలంటే కుటుంబాన్నీ ప్రభుత్వాన్నీ అడగాలి. వయసెంత అని అడగాలంటే ఒక్క స్త్రీని అడిగితే చాలు.

పెద్దమ్మ కథ ఆమె ఒక్కదానిదీ కాదు. 2019-20లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారు. ఎక్కువమందికి అది జరిగేది ఇరవై అయిదేళ్ళ లోపే. పురుషుల వేసెక్టమీ ఒక శాతం కూడా లేదు. గర్భసంచి తీసివేయించుకున్న స్త్రీలు దేశంలో అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. వాళ్ళలో ముప్ఫైల్లో ఉన్నవాళ్ళు ఎందరో! తెల్లబట్ట అవుతోందని, నడుము నొప్పి అని వెళ్ళినవాళ్ళకి కూడా గర్భసంచి తీసేసిన సంగతులు మన మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాయి. ఇంత చిన్న వయసులో ఇది అవసరమా అని అప్పుడు అడిగినవాళ్ళెవరు? ఇరవై రెండేళ్ళకి గర్భాన్ని మూసేయడానికీ, ముప్ఫై అయిదేళ్ళకి గర్భసంచి కోసేయడానికీ కనిపించని వయసు, యాభై దాటాక గర్భం ధరించినప్పుడు మాత్రమే ఎందుకు కనిపిస్తుంది?

ప్రభుత్వాలకి స్త్రీల గర్భాలు ఎప్పుడూ జనాభా లెక్కలే. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994లో తెచ్చిన నిబంధనని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబర్‌లో ఎత్తేసింది. దానికి కాస్త ముందే ఎక్కువమంది పిల్లల్ని కనండని ముఖ్యమంత్రి పిలుపునిచ్చారు. వద్దన్నదీ వాళ్ళే, కనమన్నదీ వాళ్ళే. మధ్యలో కాన్పు మంచం మీద ఆపరేషన్ అయిపోయిన లక్షలాది పెద్దమ్మలకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

వయసు మీద సమాజం అభిప్రాయం ఎంత సులువుగా మెత్తబడుతుందో చూడాలంటే పంజాబ్ వెళ్ళాలి. 2022 మే 29న హత్యకి గురైన గాయకుడు సిద్ధూ మూసేవాలా తల్లిదండ్రులకి ఏకైక సంతానం. 2024 మార్చిలో అతని తల్లి 58 ఏళ్ళ వయసులో ఐవీఎఫ్ ద్వారా మగబిడ్డని కన్నది. చికిత్స విదేశంలో జరిగిందని వార్తలొచ్చాయి. కేంద్ర ఆరోగ్య శాఖ చట్టంలోని 50 ఏళ్ళ పరిమితిని గుర్తుచేస్తూ పంజాబ్ ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. పత్రాల కోసం అధికారులు వేధిస్తున్నారని తండ్రి బహిరంగంగా చెప్పగానే జనం సానుభూతి అంతా ఆ దంపతుల వైపే నిలిచింది. పోయిన కొడుకే తిరిగొచ్చాడని అభిమానులు పండగ చేసుకున్నారు. ఆ తల్లి దుఃఖం తలుచుకుంటే నాకూ కడుపు తరుక్కుపోతుంది, ఆమెని తప్పుపట్టే మనసు నాకు లేదు. కానీ గమనించండి. కొడుకు పోయిన తల్లికి కొడుకు పుడితే యాభై ఎనిమిది అడ్డం రాలేదు. ఎన్నడూ పిల్లలు లేని స్త్రీకి ఇద్దరు ఆడపిల్లలు పుడితే మాత్రం పిల్లల గతేమిటన్న ప్రశ్న ముందుకొచ్చింది. వయసుల్లో పదిహేనేళ్ళ తేడా ఉందన్న మాట నిజమే. మిగతా తేడా అంతా వంశానిది. పైగా ఇక్కడ చట్టం ఒప్పుకోకపోతే విమానం ఎక్కగలవాళ్ళకి ఒక దారి, ఎక్కలేనివాళ్ళకి ఇంకో దారి!

ఈ చర్చల్లో దాదాపుగా ఎవరికీ గుర్తురాని స్త్రీ ఒకామె ఉంది. యాభైకి దగ్గరపడ్డాకో, దాటాకో గర్భం వచ్చిందంటే చాలాసార్లు ఆ అండం మరొక యువతిది. చట్టం ఆమె వయసుని కూడా నిర్ణయించింది: 23 నుంచి 35. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకి మించి తీయకూడదు, ఆమెకి బీమా ఉండాలి. కాగితం మీద ఇవి మంచి నిబంధనలే. కానీ రోజుల తరబడి హార్మోన్ సూదులు వేయించుకుని, మత్తు ఇప్పించుకుని, అండాలు తీయించుకుని ఇంటికి వెళ్ళే ఆ పిల్ల ఎవరు? ఏ బస్తీ నుంచి వచ్చింది? ఏ అప్పు తీర్చడానికి వచ్చింది? దీన్ని 'దానం' అని పిలుస్తూ ఆమెని దాతగా కీర్తిస్తున్న భాష ఎవరికి ఉపయోగపడుతోంది? ముసలి తల్లిని చూసి ముక్కున వేలేసుకున్న మనం ఆ యువతి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. వయసు చర్చలో తల్లి వయసు కనబడుతుంది, ఆమెకి తన వయసుని అప్పిచ్చిన స్త్రీ కనబడదు. యయాతి కథలో యవ్వనం ఇచ్చిన కొడుక్కి కనీసం పేరుంది, రాజ్యం దక్కింది. ఈమెకి రెండూ లేవు.

స్త్రీవాదులుగా మనం ఈ విషయంలో ఎక్కడ నిలబడాలి? 1970లోనే షులమిత్ ఫైర్‌స్టోన్ గర్భభారం నుంచి స్త్రీలని సాంకేతికత విడిపించాలని రాసింది. 1980ల్లో జీనా కొరియా వంటి స్త్రీవాదులు ఇదే సాంకేతికత స్త్రీ శరీరాన్ని కర్మాగారంగా మారుస్తోందని హెచ్చరించారు. మన దగ్గర కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' రాసినప్పుడు ప్రసవమూ గర్భస్రావమూ మొదటిసారి స్త్రీ గొంతుతో మన కవిత్వంలోకి వచ్చాయి. ఆ కవితలు చదివే మా తరం శరీరాన్ని గురించి సిగ్గుపడకుండా మాట్లాడటం నేర్చుకుంది. ఆ దారిలో తరవాతి మజిలీ సంతాన సాఫల్య కేంద్రం వరండా. అక్కడ ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న స్త్రీని మన కథలు ఇంకా లోతుగా చూడాలి.

'నా శరీరం నా హక్కు' అన్న నినాదం ఇక్కడ కొంతదూరమే తీసుకెళుతుంది. గొడ్రాలన్న మాట నలభై ఏళ్ళు పడ్డాక పుట్టిన కోరిక పూర్తిగా స్వేచ్ఛగా పుట్టిందని ఎలా అంటాం? అలాగని అది ఆమె కోరికే కాదనీ, ఆమెకేం తెలియదనీ అనడం మరో రకం పెత్తనం. సమాజం తయారుచేయని కోరిక ఎవరికుంది? ముప్ఫై ఏడేళ్ళ నాకు పెళ్ళిలో, పేరంటంలో, సెమినార్ భోజనాల దగ్గర 'వయసైపోతోందమ్మా' అని చెప్పేవాళ్ళు ఉన్నారు. నాకు పిల్లలు కావాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు. ఆ తేల్చుకోవడంలో వాళ్ళ మాటల పాలెంతో నా ఇష్టం పాలెంతో విడదీసి చూపమంటే నేను చూపలేను. ఆ గుంటూరు తల్లిని మాత్రం ఎందుకు చూపమంటాం?

నా వైఖరి ఇదీ. గర్భం మోయడం విషయంలో ఒక వైద్యపరమైన పరిమితి ఉండటం నాకు సమ్మతమే. డెబ్భై ఏళ్ళ శరీరంలో కవలల్ని పెట్టిన వైద్యాన్ని నేను ఘనతగా చూడలేను. అయితే ఆ పరిమితి ఆసుపత్రుల మీద ఉండాలి, వాటి వ్యాపారాన్ని అదుపు చేసేదిగా ఉండాలి. ఎన్ని పిండాలు ప్రవేశపెడుతున్నారు, అపాయాల గురించి తెలుగులో అర్థమయ్యేట్టు చెప్పారా, అండం ఇచ్చిన యువతి క్షేమం ఎవరు చూశారు అన్నవి అడిగేదిగా ఉండాలి. ఏ కారణం చెబుతారో ఆ కారణానికే కట్టుబడాలి. గర్భం వల్ల ప్రమాదం కారణమైతే, గర్భం మోయని స్త్రీకి దాన్ని అంటగట్టకూడదు. బిడ్డ భవిష్యత్తు కారణమైతే తండ్రికి అయిదేళ్ళ రాయితీ ఇవ్వకూడదు. వితంతువుకీ విడాకులు తీసుకున్న స్త్రీకీ అయిదేళ్ళు తగ్గించడానికీ, పెళ్ళికాని స్త్రీని గుమ్మం బయటే నిలబెట్టడానికీ ఏ వైద్యశాస్త్రమూ ఒప్పుకోదు.

న్యాయస్థానాలు ఈ గీతల్ని ఇప్పటికే తడిమి చూస్తున్నాయి. చట్టం వచ్చేనాటికి చికిత్స మధ్యలో ఉన్న దంపతుల్ని ఆపేయడం సరికాదని 2022 డిసెంబర్‌లో కేరళ హైకోర్టు చెప్పింది. పరిమితిని కొట్టేయలేదు గానీ, దాన్ని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని కేంద్రం దృష్టికి తీసుకెళ్ళమంది. సరోగసీ చట్టం రాకముందే పిండాలు భద్రపరచుకున్న దంపతులకి ఆ చట్టపు వయోపరిమితి వర్తించదని 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. సహజంగా పిల్లల్ని కనేవారికి లేని వయోపరిమితిని కూడా ఆ తీర్పు ప్రస్తావించింది. ఇవి చిన్న అడుగులే. రెండు తీర్పులూ ఉపశమనం ఇచ్చింది గీతకి ముందే దారిలో ఉన్నవాళ్ళకి. గీత అవతల ఉన్న ఒంటరి స్త్రీ సంగతి అలాగే ఉంది.

న్యాయస్థానాల పని న్యాయస్థానాలు చేస్తాయి. రాసేవాళ్ళం, చదువు చెప్పేవాళ్ళం మనం చేయగలిగింది మాటల దగ్గర. ఇంకో ఊళ్ళో ఇంకో పెద్ద వయసు స్త్రీ తల్లయిందన్న వార్త మళ్ళీ వస్తుంది. అప్పుడు మన తరగతి గదిలో, మన ఇంట్లో టీవీ ముందు 'అవసరమా' అన్న మాట కూడా వస్తుంది. ఆ మాటని అక్కడే ఆపి, తండ్రి వయసెంతని అడుగుదాం. అండం ఎవరిచ్చారు, ఆమె ఎలా ఉందని అడుగుదాం. ఆసుపత్రి ఎంత తీసుకుందని అడుగుదాం. ఆ తల్లికి పక్కన చేసేవాళ్ళెవరని అడుగుదాం. ఇవన్నీ అడిగాక కూడా ఆమె వయసు గురించి అడగాలనిపిస్తే, అప్పుడు అడుగుదాం.